నాలుగుకు ఒక మార్కు: గద్యాంశంలో లేని మే నెల

ఎంవీపీ అమ్మ | మే 17, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా అబ్బాయి తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వస్తున్నాడు. వేసవి తరగతుల్లో తెలుగు పరీక్ష పెట్టారు. అపరిచిత గద్యం చదివి జవాబులు రాయాలి. ఒక ప్రశ్నకు నాలుగు మార్కులుంటే ఒక్కటి వేసి, పక్కన ఎర్ర సిరాతో "ఆధారం ఏది?" అని రాశారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే రభస. వాడి వాదన వింటుంటే నాకూ నిజమే అనిపిస్తోంది. గద్యాంశం వాళ్ల టీచరే సొంతంగా రాశారట. చిన్నదే కాబట్టి మొత్తం ఇస్తున్నాను.

"తెల్లవారుజామున నాలుగింటికే నూకాలమ్మ రేవుకు చేరింది. ఖాళీ గంప ఒడిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఒకదాని వెనుక ఒకటిగా ఐదు పడవలు వచ్చాయి. వాటి చుట్టూ జనం మూగారు. ఆమె లేవలేదు. ఆరో పడవ కనిపించగానే లేచి, కొంగు బిగించి, రెండడుగులు వేసి ఆగింది. పడవ నీటి మీద ఎత్తుగా తేలుతోంది. ఆమె గంప బోర్లించి దాని మీద కూర్చుంది. 'పోనీలే, వచ్చాడు,' అంది పక్కనున్న ముసలామె."

ప్రశ్న: ఆ రోజు వేట ఎలా సాగిందని మీరు అనుకుంటున్నారు? గద్యాంశంలోని ఆధారాలతో సమర్థించండి.

మా వాడి జవాబు: "ఆ రోజు వేట బాగా సాగలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ప్రభుత్వం పడవలను ఆపుతుంది. అందుకే నూకాలమ్మకు చేపలు దొరకలేదు."

ఇందులో అబద్ధం ఏముంది? వాడు వెళ్లే బస్సు ఫిషింగ్ హార్బర్ పక్కగా పోతుంది. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉండటం రోజూ కళ్లారా చూస్తున్నాడు. ముగింపు సరైనదే, చెప్పిన విషయమూ నిజమే. మూడు మార్కులు ఎక్కడికి పోయాయి?

---

గాజువాక సంధ్య | మే 17, రాత్రి 10.05

మా రోజుల్లో పేరాలోంచి వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే నాలుగుకు నాలుగు వేసేవారు. ఇప్పుడు సొంతంగా ఆలోచించిన పిల్లవాడికి ఒకటి! నేనైతే వెళ్లి అడిగేదాన్ని.

---

సిరిపురం టీచరమ్మ | మే 17, రాత్రి 10.31

వెళ్లి అడిగే ముందు గద్యాంశం ఇంకొకసారి చదవండి. మే నెల అని ఎక్కడుంది? ఏప్రిల్ అని ఉందా? ఎండ అన్న మాటైనా ఉందా? లేదు. మే నెల పరీక్ష రాసిన గదిలో ఉంది, బస్సు కిటికీలో ఉంది.

ఇంకో సంగతి. నిషేధమే అమల్లో ఉంటే ఐదు పడవలు ఎలా వచ్చాయి? జనం దేని చుట్టూ మూగారు? మీ అబ్బాయి చెప్పిన కారణాన్ని గద్యాంశం బలపరచడం లేదు సరికదా, కాదంటోంది. ముగింపు సరిపోయింది కాబట్టి ఒక మార్కు వేశారు. నేను దిద్దినా అంతే వేసేదాన్ని.

---

ఎంవీపీ అమ్మ | మే 17, రాత్రి 10.38

ఐదు పడవల సంగతి నాకు తట్టనే లేదు. రేపు వాడికి చూపిస్తాను.

---

రేవు గాలి | మే 18, ఉదయం 6.12

మాది పెద జాలారిపేట. నాన్న వేటకు వెళ్తారు. నేను బీకాం చదివి వేరే ఉద్యోగంలో పడ్డాను.

టీచరమ్మ గారూ, చిన్న సవరణ. నిషేధం మరబోట్లకు, ఇంజను బిగించిన పడవలకే. ఇంజను లేని తెప్పలకు వర్తించదు. కాబట్టి మే నెలలో కూడా రేవుకు ఐదు తెప్పలు రావచ్చు, జనం మూగవచ్చు. అయినా కుర్రాడి జవాబు నిలవదనుకోండి, ఎందుకంటే అప్పుడు వేట ఆగనట్టే కదా.

అసలు మాట వేరే ఉంది. ఆ పేరా చదవగానే మా ఇంట్లో వాళ్లెవరైనా ఒకే చోట ఆగుతారు: "పడవ నీటి మీద ఎత్తుగా తేలుతోంది." ఇక మిగతాది చదవక్కర్లేదు. చేపలున్న పడవ బరువుగా, అంచు నీటికి దగ్గరగా వస్తుంది. ఖాళీ పడవ కెరటం మీద ఎగురుతూ వస్తుంది. మా అమ్మ ఒడ్డు నుంచే చూసి పొయ్యి మీద చారు పెట్టాలో, పులుసు పెట్టాలో నిర్ణయించేది.

---

సిరిపురం టీచరమ్మ | మే 18, ఉదయం 7.50

తెప్పల సవరణకు కృతజ్ఞతలు. కానీ చూశారా, కుర్రాడి జవాబును నిలబెట్టాలంటే ఇది మే నెల అనుకోవాలి, పెద్ద బోట్లు ఆగిపోయాయనుకోవాలి, వచ్చినవి తెప్పలే అనుకోవాలి. ఊహ మీద ఊహ పేర్చాలి. పడవ ఎత్తుగా తేలడానికైతే ఒక్క అడుగు చాలు.

---

పది గట్టెక్కినవాడు | మే 18, ఉదయం 9.15

ఇంత ఆలోచన దేనికి? ఇలాంటి ప్రశ్న రాగానే పేరాలోంచి మూడు వాక్యాలు కొటేషన్లలో పెట్టి "అన్న మాటలను బట్టి తెలుస్తోంది" అని ముగిస్తే మార్కులు పడతాయి. నేను అలాగే గట్టెక్కాను.

---

కొండ మీద పొగ | మే 18, ఉదయం 11.20

అమ్మా, మీ అబ్బాయి తెలివైనవాడే. తెలివి పక్కదారి పట్టింది, అంతే. నేను తెలుగు పండితుడిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నా పేరు చూసి నవ్వకండి, అది తర్కశాస్త్రంలోది. దాని కథ ఇక్కడ పనికొస్తుంది.

దూరం నుంచి కొండ కనిపిస్తోంది. నిప్పు కనిపించడం లేదు, పొగ కనిపిస్తోంది. అక్కడ నిప్పుందని ఎదుటివాడిని ఒప్పించాలి. మన నైయాయికులు, అంటే తర్కశాస్త్ర పండితులు, దానికి ఐదు మెట్లు కట్టారు. ప్రతిజ్ఞ: కొండ మీద నిప్పుంది. హేతువు: పొగ ఉంది కాబట్టి. ఉదాహరణ: పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూస్తూనే ఉన్నాం. ఉపనయం: ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే. నిగమనం: కాబట్టి కొండ మీద నిప్పుంది.

పిల్లల జవాబుల్లో మొదటిదీ చివరిదీ తప్పకుండా ఉంటాయి. కాస్త శ్రద్ధగలవాళ్లు రెండోది కూడా రాస్తారు. మూడోదాన్ని దాదాపు అందరూ మింగేస్తారు. "పడవ ఎత్తుగా తేలుతోంది, కాబట్టి వేట దొరకలేదు" అని రాస్తే జాలారిపేట కుర్రాడికి అర్థమవుతుంది. సముద్రం చూడని ఊళ్లో పిల్లకు ఏమర్థమవుతుంది? "బరువున్న పడవ నీటిలో కిందికి దిగి నడుస్తుంది" అన్న మాట మధ్యలో పడాలి.

ఇక్కడే అసలు కిటుకు. ఆ మాట గద్యాంశంలో లేదు! అదీ బయటి విషయమే, వేట నిషేధమూ బయటి విషయమే. ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు ఎందుకయింది? నిషేధం వచ్చి హేతువు కుర్చీలో కూర్చుంది. హేతువు గద్యాంశం నుంచే రావాలి, ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వకూడదు. పడవ బరువు సంగతి ఉదాహరణ కుర్చీలో కూర్చుంది. దాన్ని మన అనుభవం నుంచి, ఇంటి నుంచి, రేవు నుంచి తెచ్చుకోవచ్చు. "సొంత తెలివి వాడొద్దు" అని పిల్లలకు చెప్పే టీచర్లు ఈ తేడా చెప్పరు. అందుకే కొందరు తెలివంతా ఇంట్లో పెట్టి వచ్చి పేరా దించుతారు, కొందరు పేరాను ఇంట్లో పెట్టి వస్తారు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి తన పద్ధతిని మొదట్లోనే చెప్పుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. మీవాడి చేపలు గుడ్లు పెట్టే వాక్యం రెండో సగానికి దొరికిపోతుంది.

పది గట్టెక్కినవాడికి: బాబూ, మూడు వాక్యాలు దించడం వల వేసి రేవంతా లాగడం లాంటిది. అందులో చేప ఉండే ఉంటుంది. ఏది చేపో, ఏది నాచో నీకు తెలుసని దిద్దేవాడికి ఎలా తెలుస్తుంది?

---

పది గట్టెక్కినవాడు | మే 18, ఉదయం 11.41

మాస్టారూ, మార్కులు మాత్రం పడ్డాయి.

---

పోర్టు రోడ్డు | మే 18, మధ్యాహ్నం 1.30

ఇది నా పని, నన్ను మాట్లాడనివ్వండి. ఓడల్లోకి సరుకు ఎక్కించే చోట చాలా ఏళ్లు చేశాను. ఇనుప ఖనిజం లాంటి సరుకును ఎక్కించాక ఓడలో ఎంత బరువుందో చూడాలంటే ఓడను తక్కెడలో పెట్టలేం కదా. ఓడ పక్కల మీద అంకెలు రాసి ఉంటాయి. నీళ్లు ఏ అంకె దాకా వచ్చాయో సరుకు ఎక్కించక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూస్తారు. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. అంటే మాస్టారు చెప్పిన ఉదాహరణ మీద లక్షల రూపాయల లెక్కలు నడుస్తాయి.

కానీ ఆ లెక్కలో తీసివేతలు ఎన్నో ఉంటాయి. ఓడ సరుకు వల్లే మునగదు. ఇంధనం, మంచినీళ్లు, ఖాళీ ఓడ తూలిపోకుండా అడుగున నింపే బ్యాలస్ట్ నీళ్లు, అన్నీ బరువే. అవి తీసేశాకే సరుకెంతో తేలుతుంది. చేపల పడవ సంగతీ అంతే. వెళ్లేటప్పుడు డీజిలు, ఐసు నింపుకుని వెళ్తుంది. వచ్చేటప్పటికి డీజిలు కాలిపోతుంది, ఐసు కరిగిపోతుంది. కొద్దిపాటి చేపలు దొరికినా పడవ పోయినప్పటికంటే తేలిగ్గానే రావచ్చు. కాబట్టి "ఎత్తుగా తేలుతోంది" అన్న ఒక్క ముక్కతో వేట శూన్యం అనడం తొందరపాటే.

---

కొండ మీద పొగ | మే 18, మధ్యాహ్నం 2.02

భేష్. నాలుగో మెట్టు ఎందుకుందో మీరు చెప్పేశారు. చలికాలం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నిలబడి కైలాసగిరి వైపు చూస్తే మంచు కూడా పొగలాగే ఉంటుంది. "ఈ పొగ ఆ పొగేనా?" అని అడగడానికే ఉపనయం.

---

గుణింతం | మే 18, సాయంత్రం 4.45

ఆంధ్రా యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదువుతున్నాను. అందరూ పడవ మీదే పడ్డారు. నాకు చిన్న చిన్న ముక్కలే కనిపిస్తున్నాయి.

"నాలుగింటికే" అని ఉంది, "నాలుగింటికి" అని లేదు. ఆ "ఏ" తీసేస్తే అది ఉట్టి సమయం. ఉంటే తొందర, ఆత్రం. "ఆమె లేవలేదు" అన్నది జరగని పని. జరగనిదాన్ని రచయిత పనిగట్టుకుని చెప్పారంటే అదే ఆధారం. చేపలు కావాలంటే మొదటి పడవ దగ్గరికే పరుగెత్తేది. కాబట్టి ఆమె చేపల కోసం మాత్రమే రాలేదు, ఒక పడవ కోసం వచ్చింది. గంప మొదట ఒడిలో ఉంది, చివర బోర్లా పడింది. బోర్లించిన గంపలో చేపలు వేయలేరు. పోర్టు రోడ్డు గారి డీజిలు అనుమానానికి జవాబు ఈ గంపే. పడవ ఒక్కటే చెబితే అనుమానించవచ్చు. పడవ చెప్పినదాన్నే గంప చెప్పి, గంప చెప్పినదాన్నే ముసలామె చెబితే?

ముసలామె "పోనీలే" అంది. ఏదీ పోకుండా తెలుగువాళ్లు "పోనీలే" అనరు. ఆ ఒక్క మాటలో నష్టమూ ఉంది, ఓదార్పూ ఉంది. వెంటనే "వచ్చాడు". ఏకవచనం, పురుషుడు. ఇంగ్లీషు పేరాలో క్రియను చూసి ఆడో మగో చెప్పలేం, తెలుగులో క్రియే చెప్పేస్తుంది. "వచ్చారు" అనలేదు కాబట్టి ముసలామె కంటే చిన్నవాడు, బహుశా నూకాలమ్మ కొడుకో భర్తో.

పనిలో పని: ఎంవీపీ అమ్మ గారు మొదటి పోస్టులో "టీచరే సొంతంగా రాశారట" అన్నారు. ఆ "ట"ను బట్టి ఆవిడ టీచరును అడగలేదని, కొడుకు చెబితే విన్నారని ఈ చర్చ చదివే ఎవరైనా చెప్పవచ్చు.

---

ఎంవీపీ అమ్మ | మే 18, సాయంత్రం 5.10

అవును, వాడే చెప్పాడు! ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలన్నమాట.

---

గాజువాక సంధ్య | మే 18, సాయంత్రం 5.22

కొడుకో భర్తో ఏమిటి, భర్తే. పొద్దున్నే నాలుగింటికి రేవులో కూర్చునేది భర్త కోసం కాక ఎవరి కోసం?

---

రేవు గాలి | మే 18, సాయంత్రం 6.30

సంధ్య గారూ, మా నాయనమ్మ మా నాన్న కోసం కూర్చునేది. మా అత్త తమ్ముడి కోసం కూర్చునేది. అన్నదమ్ములు లేని ఇల్లుంటుందేమో గానీ ఎదురుచూడని ఇల్లు మా పేటలో లేదు.

గుణింతం గారూ, మీ "వచ్చారు" లెక్క కూడా మా దగ్గర నిలవదు. మా ఇళ్లలో నాన్న గురించి, తాత గురించి కూడా "వచ్చాడు" అనే అంటాం. అది చిన్నచూపు కాదు, చనువు. ఆ మాటను బట్టి వయసు చెప్పలేరు.

---

గుణింతం | మే 18, సాయంత్రం 6.41

ఒప్పుకుంటున్నాను. మగమనిషి అన్నంత వరకే ఉంచుకుని మిగతాది వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంటి మర్యాదను ఇంకొకరి గద్యాంశం మీద రుద్దాను. కుర్రాడు చేసిన పొరపాటే, కాస్త చదువుకున్న రూపంలో.

---

అనకాపల్లి బెల్లం | మే 18, రాత్రి 8.03

నూకాలమ్మ అన్న పేరు ఎవరూ పట్టించుకోలేదు. నూకాలమ్మ మా ఊరి దేవత. కాబట్టి కథ అనకాపల్లి పరిసరాల్లో జరిగిందని రాయవచ్చా?

---

సిరిపురం టీచరమ్మ | మే 18, రాత్రి 8.15

అమ్మవారి పేరు పెట్టుకున్నవాళ్లు ఉత్తరాంధ్రలో ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఉద్యోగాల కోసం హైదరాబాదులోనూ ఉంటారు. పైగా అనకాపల్లి ఊళ్లో రేవెక్కడిది? "ఉత్తరాంధ్ర మనిషి కావచ్చు" అని రాస్తే తల ఊపుతాను. "కావచ్చు" తీసేస్తే మార్కూ తీసేస్తాను.

---

బీచ్ రోడ్డు నడక | మే 18, రాత్రి 9.30

ఈ చర్చంతా చదివాక నాకు ఘాజీ గుర్తొచ్చింది. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి మన విశాఖ బయటే మునిగింది. మునిగిందన్నదానిలో ఎవరికీ పేచీ లేదు. ఎందుకు మునిగిందన్నదానిలోనే ఉంది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల అని మన నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు పేలి మునిగిందని వాళ్లు చెబుతారు. సముద్రం అడుగున ఉన్న శకలం ఒక్కటే, దాన్ని చూపి చెప్పే ముగింపులు రెండు. తీరంలో విజయ స్మారకం దగ్గర నిలబడినప్పుడల్లా...

---

నిర్వాహకుడు | మే 18, రాత్రి 9.52

ఘాజీ మీద ఇప్పటికే మూడు చర్చలు నడిచాయి, మూడూ తిట్లతో మూతపడ్డాయి. దయచేసి నూకాలమ్మ దగ్గరికి రండి.

---

గాజువాక సంధ్య | మే 18, రాత్రి 10.10

సరే, భర్త సంగతి వదిలేస్తున్నాను. మార్కు సంగతి వదలను. ప్రశ్నలోనే తిరకాసుంది. "మీరు అనుకుంటున్నారు" అని అడిగి, వాడు అనుకున్నది రాస్తే కొట్టేస్తారా? "గద్యాంశాన్ని బట్టి ఏమి తెలుస్తోంది" అని అడగాల్సింది. నేనైతే రెండు వేస్తాను.

---

సిరిపురం టీచరమ్మ | మే 18, రాత్రి 10.26

రెండో వాక్యంలో "గద్యాంశంలోని ఆధారాలతో" అని ఉంది కదా. అయితే ప్రశ్నపత్రాలు తయారుచేసే మాకు ఆ "మీరు అనుకుంటున్నారు" అన్నది అలవాటైపోయిందన్నది నిజం. పిల్లలు మొదటి సగం చదివి కలం పట్టుకుంటారన్నదీ నిజమే. ఒకటిన్నర.

---

ఎంవీపీ అమ్మ | మే 19, రాత్రి 9.05

నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం వాడికి చదివి వినిపించాను. మొదట ముఖం మాడ్చుకున్నాడు. డ్రాఫ్ట్ సర్వే దగ్గర లేచి కూర్చున్నాడు. బకెట్లో నీళ్లు పోసి, స్టీలు గిన్నె తేలేసి, అందులో బియ్యం పోస్తూ స్కేలుతో కొలిచాడు. వంటిల్లంతా నీళ్లు. ఈరోజు సాయంత్రం మళ్లీ రాశాడు. వాడి మాటల్లోనే ఇస్తున్నాను.

"ఆరో పడవకు వేట సరిగా దొరకలేదు. పడవ నీటి మీద ఎత్తుగా తేలుతోందని ఉంది. బరువున్న పడవ నీటిలోకి దిగి ఉంటుంది కాబట్టి ఇందులో బరువు తక్కువని తెలుస్తోంది. డీజిలు అయిపోయినా పడవ తేలిక కావచ్చు. కానీ దాన్ని చూసిన నూకాలమ్మ అడుగు ఆపి, తెచ్చుకున్న గంపను బోర్లించింది. అంటే అందులో వేసుకునేది లేదని ఆమెకు అర్థమైంది. ముసలామె 'పోనీలే' అని ఓదార్చింది. మిగతా ఐదు పడవల చుట్టూ జనం మూగారు కాబట్టి వాటికి చేపలు దొరికి ఉండవచ్చు. అందువల్ల ఆ రోజు వేట మొత్తం బాగా సాగలేదని చెప్పలేము."

చివరి వాక్యం గురించి అడిగితే, "ప్రశ్న ఆ రోజు వేట గురించి అమ్మా, ఆరో పడవ గురించి కాదు. నేను మొదట రాసిన ముగింపు కూడా తప్పే. ఆ ఒక్క మార్కు కూడా నాకు రాకూడదు" అన్నాడు.

---

కొండ మీద పొగ | మే 19, రాత్రి 9.20

నాలుగు సార్లు చదివాను. ఐదు పడవలు ఈ చర్చలో మొదటి రోజు నుంచీ ఉన్నాయి. వేట నిషేధాన్ని కొట్టిపారేయడానికి వాటిని వాడుకుని, తర్వాత అందరం వాటిని రేవులోనే వదిలేశాం. నేనూ వదిలేశాను.

---

సిరిపురం టీచరమ్మ | మే 19, రాత్రి 9.34

"ముగింపు సరిపోయింది" అని మొదట రాసింది నేనే. వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కాగితం టీచరుకు చూపించమనండి. పోట్లాటకు కాదు, ఆయనో ఆవిడో సంతోషిస్తారు.

---

ఎంవీపీ అమ్మ | మే 19, రాత్రి 9.50

చూపిస్తాడట. ఈ "ట" కూడా విన్నదే! వాడికి ఇంకో అనుమానం మిగిలింది. ఆరో పడవ "కనిపించగానే" ఆమె లేచింది. తెల్లవారుజాము, దూరం, చీకటి. అది తమ పడవేనని ఎలా గుర్తుపట్టింది? పేరా మొత్తం గాలించాడు, ఏమీ దొరకలేదు.

---

రేవు గాలి | మే 19, రాత్రి 10.15

పేరాలో లేదు తమ్ముడూ, నేనూ చూశాను. మా అమ్మనడిగితే ఇంజను మోతను బట్టి అంటుంది. మా అత్త దీపం ఊగే తీరును బట్టి అంటుంది. ఇద్దరికీ ఈ విషయంలో ముప్ఫై ఏళ్లుగా పడదు.

జూన్ 14 దాకా ఇంజన్లు కదలవు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆగి, అమ్మను తీసుకుని తెల్లవారుజామున నాలుగింటికి రేవుకు రా. మా అమ్మనూ అత్తనూ నీకు చెరో పక్క కూర్చోబెడతాను. గంప మర్చిపోవద్దు.